నమూనా రసీదు

"సెలవు కాగితం ఇంట్లో ఇస్తే చెల్లదు. ముందు అది రాయండి," అన్నాడు సూపరింటెండెంటు.

లాయరమ్మ కలం ఆపింది. ఈయనతో వేగడం ఆమెకిది రెండో రోజు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనివాళ్లంతా ఈయన్ని చాటుగా 'రూళ్లకర్ర' అంటారని నిన్న గేటు దగ్గరే చెవిన పడింది. ఊరికే అనడం లేదని గంటలోనే తెలిసొచ్చింది.

ఆ ఫ్యాక్టరీకి సెలవుల నిబంధనలంటూ ఇంతకాలం కాగితం మీద లేవు. మూడు వారాల కిందట ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకావిడ జ్వరంతోనే డ్యూటీకి వచ్చింది. ఓవెన్ల వేడికి బెల్టు పక్కనే కూలబడిపోయింది. ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. లేబర్ ఆఫీసరు వచ్చి రెండు విషయాలు అడిగాడు. ఒకటి, చట్టప్రకారం సెలవుల నిబంధనలు రాసి శుక్రవారంకల్లా ఇవ్వాలి. రెండోది, చనిపోయినావిడ సెలవు అడిగిందా? అడిగితే ఎవరు ఇవ్వలేదు?

రెండోదానికి సూపరింటెండెంటే జవాబు చెప్పాడు. ఆఫీసుకి కాగితమేదీ రాలేదని రిజిస్టరు తీసి చూపించాడు. అది కడిగిన పళ్లెంలా ఖాళీగా ఉంది.

మొదటిదాని కోసం బయటినుంచి లాయరమ్మని పిలిపించారు. ఆమెకి ఫైల్లో ఉన్నంతే తెలుసు. ఇవాళ గురువారం.

"ఇంట్లో ఇస్తే చెల్లదంటే ఎలాగండీ? జబ్బుచేసినవాళ్లు ముందుగా అడగలేదని సెలవు కాదనకూడదు. మీరేమో ఆఫీసు కౌంటర్‌కే రావాలంటున్నారు."

"రాలేకపోతే ఫోన్ చెయ్యమనండి. మనిషిని పంపమనండి. ఏం చేసినా కౌంటర్‌లో రాసుకోవాలి, రసీదు ఇవ్వాలి. బస్టాపులోనో, కిరాణా కొట్లోనో నా చేతిలో పెట్టి పోతే కుదరదు."

"ఇన్నాళ్లూ అలాగే ఇచ్చేవారా?"

"ఎక్కడ కనిపిస్తే అక్కడే. నేను జేబులో పెట్టుకునేవాణ్ణి."

"మరి బాగానే నడిచిందిగా."

ఆయన నిజంగానే సొరుగులోంచి రూళ్లకర్ర తీసి, తెల్లకాగితం మీద రసీదుకి గడులు గీయడం మొదలుపెట్టాడు. పేరు, తేదీ, కారణం, జవాబు. ఆ కింద, కాగితం అందిన చోటు. ఇంకా కింద, తీసుకున్నవారు అడిగినవారికి ఏమవుతారు.

లాయరమ్మకి నవ్వొచ్చింది. "కౌంటర్‌లోనే ఇవ్వాలన్నాక చోటు ఎందుకండీ? ఏమవుతారని అడగడానికి ఇదేమైనా పెళ్లిసంబంధమా?"

"ఉండనివ్వండి. సొంతమనుషుల కాగితం సొంతమనుషులు చూడకూడదు. ఇంకొకరికి పంపాలి."

"మనవాళ్లే కదా అని ఎక్కువ సెలవులు ఇచ్చేస్తారనా?"

"ఎక్కువేనని ఏముందండీ?" అన్నాడు గీత గీస్తూ.

ఇంతలో ఓనరు తొంగిచూశాడు. చాదస్తాన్ని కాస్త తగ్గించమని ఆయనైనా చెబుతాడేమో అనుకుంది లాయరమ్మ.

"ఆయన చెప్పినట్టే రాసెయ్యమ్మా," అన్నాడు ఓనరు. సూపరింటెండెంటు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈ పని నీకెందుకయ్యా? ఇంటికెళ్లు. నాలుగురోజులు ఉండి రా."

"ఇంట్లో ఏం చెయ్యనండీ?"

ఓనరు నిట్టూర్చి వెళ్లిపోయాడు. మనిషిని బాగానే నెత్తికెక్కించుకున్నారనుకుంది లాయరమ్మ. అప్పటిదాకా పళ్ల బిగువున ఆపుకున్న మాట బయటికొచ్చేసింది.

"ఒక మనిషి పోయిందండీ ఇక్కడ. నిన్నటినుంచి మీ నోట ఆవిడ గురించి ఒక్క ముక్క వినలేదు. మీకు గడులూ రసీదులూ తప్ప ఏమీ పట్టవా?"

"అవునండీ," అన్నాడాయన. చొక్కాకి ఇస్త్రీ లేదని, గడ్డం మాసి ఉందని ఆమె అప్పుడు చూసింది. అన్నందుకు కొంచెం నొచ్చుకుంది కూడా. అయినా వదల్లేదు.

"నిజం చెప్పండి. అంత జ్వరంలో ఉన్న మనిషి ఒక్కపూట సెలవు అడక్కుండా ఎందుకు వస్తుంది?"

"ఆఫీసుకి రాలేదండీ కాగితం."

నిన్న అన్నమాటే, అక్షరం పొల్లుపోకుండా. ఇక అడిగి లాభం లేదనుకుంది.

మూడున్నరకి చివరి నిబంధన దగ్గరికొచ్చారు. కాగితం తీసుకున్నవారు ఆ గంటలోనే ఇస్తాననో ఇవ్వననో రాసి చెప్పాలన్నాడు సూపరింటెండెంటు. లాయరమ్మ ఒప్పుకుంది. రెండు రోజుల్లో ఆయన చెప్పినవాటిలో ఆమెకి నచ్చింది ఇదొక్కటే.

"ఇంకోటి. 'చూద్దాంలే' అనకూడదని కూడా రాయండి."

"చట్టం భాషలో చూద్దాంలే ఎక్కడ రాయనండీ?"

"ఎక్కడో ఒకచోట రాయండి. అవునంటే ఇంట్లో పడుకుంటారు. కాదంటే ఏడ్చో, తిట్టో మానేస్తారు. చూద్దాంలే అంటే, చూస్తారని నమ్మి పనికొస్తారు."

ఆయన కాగితం ఆమె వైపు జరిపాడు. లాయరమ్మ ఆ మాట అలాగే రాసింది.

నాలుగున్నరకి టైపు కాగితాలు వచ్చాయి. ఓనరు సంతకం పెట్టాడు. లాయరమ్మ అన్నీ సర్దుకుంటూ, "ఖాళీ రసీదు ఇస్తే ఆఫీసరుకి అర్థం కాకపోవచ్చు. నమూనాకి ఏదో ఒక పేరు వేసి ఒకటి నింపివ్వండి," అంది.

సూపరింటెండెంటు ఆ గడుల కాగితం ముందుకి లాక్కున్నాడు. ఒక్కో గడీ నింపాడు. జేబులోంచి నాలుగు మడతల చీటీ ఒకటి తీసి, దాని వెనక గుండుసూదితో గుచ్చాడు.

"ఇది నమూనా కాదండీ. రేపు ఆఫీసరు ఆ రెండో ప్రశ్న మళ్లీ అడిగితే ఇవ్వండి," అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

లాయరమ్మ రసీదు తిప్పి చూసింది. పేరు గడిలో ఆ ప్యాకింగ్ సెక్షన్ ఆవిడ పేరుంది. తేదీ, ఆవిడ పోవడానికి ముందురోజుది. కారణం జ్వరం. జవాబు గడిలో 'చూద్దాంలే' అని రాసి ఉంది.

కాగితం అందిన చోటు దగ్గర 'మా వంటిల్లు' అనీ, తీసుకున్నవారు ఏమవుతారన్న గడిలో 'భర్త' అనీ ఉంది.