పేరు పెట్టిన మనిషి

నర్సు పాప పేరు పిలిచి, "వాళ్ళమ్మ ఎవరు?" అని అడిగింది.

ఇద్దరు లేచారు. టైలరమ్మ ఒకరు, ఆమె పై వాటాలో ఉండే ఆవిడ ఇంకొకరు. స్కూలు బస్సు బోల్తా పడిందని తెలిసి ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చారు.

ఆరేళ్ళ కిందట టైలరమ్మ ఎక్కడెక్కడో వెతికి కూతురికి ఆ పేరు పెట్టింది. ఇంకెవరికీ లేదని మురిసిపోయింది. ఏడాది తిరక్కుండానే పై వాటా ఆవిడ తన బిడ్డకూ అదే పెట్టుకుంది. ఇప్పుడు ఆ పేరున్న పిల్లలు వీధికొకరు. "నా పేరు ఎత్తుకుపోయింది" అని టైలరమ్మ ఆవిడతో మాటలు మానేసింది.

"ఆపరేషన్ చెయ్యాలి, సంతకం కావాలి," అంది నర్సు.

"ఏ పాపకండీ?" అంది టైలరమ్మ.

"బ్యాడ్జీల మీద ఇద్దరిదీ ఒకటే పేరమ్మా. ఈ పాపకి చెవి కింద పుట్టుమచ్చ ఉంది. రెండో పాపకి గీతలే పడ్డాయి."

నా బిడ్డ కాదు, అనుకుంది టైలరమ్మ. పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో పక్కనున్న ఆవిడ గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

"మీరు మన పాప దగ్గరికి వెళ్ళండి," అని వెంట వచ్చిన భర్తను పంపి, టైలరమ్మ ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపింది.

"భయమేస్తోందక్కా. లోపలికి రాలేను."

"పద. నేనూ వస్తున్నా."

తలుపు దగ్గర నర్సు అడ్డుకుంది. "అయినవాళ్ళే రావాలి. మీరు పాపకేమవుతారు?"

"ఆ పేరు పెట్టింది నేనే," అంది టైలరమ్మ.