మంచులో నాగక్క కేక

"టార్చి ఆర్పు. అది వేస్తే ఉన్న దారీ కనబడదు," అంది నాగక్క.

బైరప్ప ఆర్పాడు. నిజమే, వెలుగు మంచుకు తగిలి తిరిగి వాళ్ల కళ్లలోనే పడుతోంది. నిన్న పగలంతా జల్లు పడింది. సాయంత్రానికి మబ్బు విడిపోయి, గాలి నిలిచిపోయింది. తడినేల చల్లబడి, తెల్లవారేసరికి ఉద్దనపల్లి మొత్తాన్ని మంచు మింగేసింది. ఇలాంటి పొద్దున పాలు పిండడానికి లేచిన బైరప్పకు కూతురు రంజిత పడక ఖాళీగా కనబడింది.

ఎందుకు పోయిందో ఆలోచించే పని లేదు. హోసూరు ఫ్యాక్టరీలో ట్రైనింగుకు చేరడానికి ఈరోజే ఆఖరు. తండ్రి వద్దన్నాడు. ఎల్లుండి పెళ్లి. పెళ్లికొడుకు పరాయివాడు కాదు, నాగక్క సొంత తమ్ముడు రాజప్ప. అక్క కూతుర్ని మేనమామకివ్వడం వాళ్లలో మామూలే. పైగా తల్లి లేని ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది నాగక్కే. అందుకే భర్తకంటే ముందు ఆమే వీధిలోకి పరుగెత్తింది.

"రంజితా, యాడుండావే? మర్యాదగా ఇంటికి రా."

హోసూరు పోయే మొదటి బస్సు వేళవుతోంది. అది ఎక్కిందంటే పిల్ల చేజారినట్టే. రాజప్పకు ఫోను చేద్దామంటే ఎస్టీడీ బూతు ఇంకా తెరవలేదు. బడి దారిలో వెతికారు, టమేటా తోట గట్ల మీద వెతికారు. నాగక్క గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. కాసేపు ఊరుకుంటే అలికిడైనా వినబడుతుందని బైరప్ప విసుక్కున్నాడు. కన్నకడుపు ఊరుకుంటుందా అని ఆమె ఇంకా గట్టిగా కేకేసింది.

చివరికి బస్టాపులో కాపు కాశారు. బైరప్ప కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. బస్సు పసుపుపచ్చ లైట్లు మసకగా వచ్చి ఆగాయి. అతను ఎక్కి ఒక్కో సీటూ చూశాడు. రంజిత లేదు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి దిగాడు.

కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలి మంచులో కలిసిపోయింది. అంతలోనే, కొంచెం దూరంలో, బ్రేకు కీచుమంది. మళ్లీ విజిల్ వినబడింది.

బైరప్ప అటు పరుగెత్తి బురదలో జారిపడ్డాడు. లేచేసరికి బస్సు చప్పుడు కూడా లేదు.

"ఆడెందుకు నిలిపినాడు?"

"దారి కనబడక నిలిపింటాడు," అంది నాగక్క, అతణ్ణి లేపుతూ.

ఎండ వచ్చాక మంచు విడిపోయింది. రోడ్డు మీద ఎవరూ లేరు. బైరప్ప తల పట్టుకుని కూర్చున్నాడు.

"నీ తమ్మునికి ఏమని చెప్పేది?"

నాగక్కకు తమ్ముడి ముఖం తలుచుకుంటే కన్నీళ్లు ఆగలేదు. అరిచి అరిచి గొంతు పూడుకుపోయింది.

తన కేక ఎటు వినబడితే అటు రావద్దని నిన్న సాయంత్రం రంజితకు చెప్పింది ఆమే.