తెల్ల పొర

తాయమ్మకు ఏళ్లనాటి అనుమానం ఒకటుంది. గొర్రెలు అమ్మడానికి కుప్పం సంతకు పోయే తన మొగుడు తిప్పేస్వామికి అక్కడ ఎవతో అన్నంలో వశం చేసుకునే మందు పెట్టిందని.

మందు తిన్నవాడు చిక్కి సగమవుతాడు. దగ్గి దగ్గి, ఏదో ఒకనాడు ఆ మందే కక్కుతాడు. ఊళ్లో ఎవరిని అడిగినా అదే మాట.

ఆ రోజు మదనపల్లె ఆస్పత్రి వరండాలో తిప్పేస్వామి ఊపిరాడక దగ్గి, కక్కాడు.

తెల్లటి పొర. కోడిగుడ్డు పెంకు లోపల ఉండేలాంటిది.

"బోయకొండ గంగమ్మా, బయటపెట్టినావా తల్లీ!" తాయమ్మ దాన్ని కవర్లో మూట కట్టింది. "పుంగనూరు రంగనాయకమ్మ కాడికి కొండబోతా. ఏం మందో, ఎవురు పెట్టిరో సూస్తానే సెప్తాదంట."

"యాడికీ కొండబోవద్దు తల్లీ. డాక్టరుకు సూపించు."

పక్క బెంచీ మీద ముసలామె. పొద్దుటినుంచీ వచ్చేపోయేవాళ్లను చూస్తూ అక్కడే కూర్చుంది.

"నోరంతా ఉప్పగా ఉండాదేమో అడుగు ఆయప్పను."

తిప్పేస్వామి తల ఊపాడు.

తాయమ్మ గిర్రున ముసలామె వైపు తిరిగింది. ఆయన నోట్లో రుచి దీనికెట్లా తెలుసు?

"నీది కుప్పమా?"

"యా ఊరైతే ఏమిలే. ఆలస్యం సేయొద్దు."

"ఊరు సెప్పను నోరు రాలేదా? పెట్టింది నువ్వే! పెట్టిందీ కాక, సస్తాడా లేదా అని ఈడ కాపలా కూర్చోనుండావా?"

ముసలామె చటుక్కున కవరు లాక్కుని డాక్టరు గదిలోకి దూరింది.

"పట్టుకోండప్పా! మందు పెట్టేది! ఉండే రుజువు కూడా మాయం సేస్తాంది!"

వాచ్‌మన్ మురళి పరుగున వచ్చి ముసలామెను రెక్క పట్టి బయటికి గెంటాడు. "ఇంగ గేటు లోపల కనిపించినావంటే సూడు!"

కవరు మాత్రం అప్పటికే డాక్టరు హేమలత బల్ల మీద ఉంది.

"గొర్రెల మంద కాడ కుక్కలుండాయా?"

"ఉండాయమ్మా."

"కుక్కల నుంచి వచ్చే పురుగు ఇది. ఊపిరితిత్తిలో నీళ్ల సంచి కట్టి, ఇప్పుడు పగిలింది. ఇది ఆ సంచి పొర. ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కడు. వెంటనే ఆపరేషన్ చెయ్యాల."

తిప్పేస్వామి బతికాడు.

తాయమ్మ అనుమానం మాత్రం చావలేదు. పురుగైతే పురుగే కానీ, ఆ ఉప్పు సంగతి ముసలిదానికి ఎవరు చెప్పారు? ఆ గుట్టు విప్పాలంటే రంగనాయకమ్మే. టెంకాయ, ఆకువక్క పట్టుకుని పుంగనూరు పోయింది.

ఇంటికి తాళం. పక్కింటి రత్నమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"ఆయమ్మ మందు తీసేది మానుకొని శానా కాలమాయె గదమ్మా. సొంత కూతురు ఉప్పునీళ్లు, తెల్ల పొరలు కక్కతా ఉంటే, అదీ మందే అని ఇంట్లోనే పెట్టుకొని పసర్లు తాపిచ్చింది. బిడ్డ దక్కలా."

తాయమ్మ టెంకాయ, ఆకువక్క అరుగు మీద పెట్టేసింది. "ఇప్పుడు యాడుండాది?"

"మదనపల్లె ఆస్పత్రి వరండాలోనే ఉండేది, అట్ల కక్కినోళ్లను డాక్టరు కాడికి పంపిస్తా. ఎవరో మహాతల్లి మందు పెట్టేదని గెంటించిందంట, ఆ పొద్దు నుంచి యాడుండాదో ఎవురికీ తెలీదు."