ముందు అద్దం

కారు ఎక్కీ ఎక్కగానే రాజక్క కాళ్ళు పైకి ముడుచుకుంది.

"గీ నీళ్ళేంది భూమేశా? చీర కుచ్చిళ్ళన్నీ తడిసినయి."

ఏసీ నీళ్ళని చెప్పాడు భూమేశ్. ఆ కారులో ఏసీ చెడిపోయి ఏడాదయిందని మాత్రం చెప్పలేదు.

అసలు ఆ ముక్క అతని సొంతం కాదు. జగిత్యాల రిపేరు షెడ్డు ఓనర్ పోశం ఫోన్లో చెప్పిన మాట.

రెండు నెలల కింద బర్రె అడ్డమొస్తే తప్పించబోయి భూమేశ్ కారును చింతచెట్టుకు గుద్దాడు. ముందు అద్దం పొడిపొడి. అతని ఎడమచెయ్యి విరిగింది. ఇన్సూరెన్సు వాళ్ళు రిపేరు ఖర్చు ఇచ్చారు. పోశం అన్నీ కొత్తవే వేశానని చెప్పి, బండిని తెచ్చి కోరుట్లలో ఇంటిముందు పెట్టిపోయాడు.

మొదటి వానకే కాళ్ళకింద మడుగు.

ఫోన్ చేస్తే పోశం ఒకసారి ఏసీ అన్నాడు, ఒకసారి డోరు రబ్బరు అన్నాడు, మూడోసారి ఫోనే ఎత్తలేదు.

పాత అద్దం బిగించి కొత్తదాని పైసలు మింగాడు దొంగ, అని భూమేశ్ అనుమానం. పోయి అంగీ గల్లా పట్టుకుందామంటే భయం. అది సొంతానికని కొన్న కారు, కిరాయికి తిప్పకూడదు. చెట్టుకు గుద్దిన రోజు కూడా లోపల కిరాయి మనుషులే ఉన్నారు. కంపెనీకి మాత్రం అత్తగారి తరపు వాళ్ళని రాసిచ్చాడు. గొడవ పెద్దదయి కంపెనీ వాళ్ళు మళ్ళీ ఆరా తీస్తే ఇచ్చిందంతా వాపసు అడుగుతారు, బండి చేజారిపోతుంది. ఎనిమిదేళ్ళు దుబాయి ఎండలో ఇనుము వంచి కొన్న బండి. ఇంటిల్లిపాదికీ అదే తిండి.

అందుకే బండి తీసేముందు ప్రతిసారీ ఒక పాఠం చెప్పేవాడు. ఎవరన్నా అడిగితే అందరూ తన చుట్టాలేనని చెప్పాలి.

సకల జనుల సమ్మె మొదలయి బస్సులు నిలిచాక అతనికి చుట్టాలు బాగా పెరిగారు. ఆ రోజు సిరిసిల్లకు రాజక్కతో కలిపి ఆరుగురు.

కోరుట్ల పొలిమేర దాటకుండానే రోడ్డు బంద్. సమ్మెవాళ్ళు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండ్లన్నీ వరసగా ఆగాయి.

ఆ వరస పొడుగునా ఒక మనిషి వస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, బక్కపలచన. భుజాన గుడ్డసంచి, చేతిలో చీటీ. ఒక్కో బండి నంబరూ చదువుకుంటూ వచ్చి భూమేశ్ కారు దగ్గర ఆగిపోయాడు.

ఇన్సూరెన్సు మనిషే అనుకున్నాడు భూమేశ్. కంపెనీ వాళ్ళు మారువేషంలో మనుషుల్ని తిప్పుతున్నారని అడ్డా మీద విన్నాడు.

"క్లెయిముల చేయించిన బండి గిదే గద, అన్నా?"

ఆ మనిషి ముందు అద్దం అంచును బొటనవేలితో నొక్కి చూశాడు.

"నీళ్ళు లోపటికి అస్తున్నయా?"

"చుక్క రావు."

"రోజూ ఎంతమందిని ఎక్కిస్తున్నవ్?"

రాజక్క అందుకుంది. "మా అల్లుడు. మేమంత సుట్టాలమే. నీకెందుకు?"

ఆ మనిషి లోపలున్న చుట్టాలందరినీ ఒకసారి చూశాడు. ముఖంలో ఏమీ కనిపించలేదు. ఒక చెంబెడు నీళ్ళు అద్దం మీద పోసి చూడనివ్వమన్నాడు.

నీళ్ళు పోస్తే లోపలికొస్తాయి. కాగితం మీదికెక్కుతుంది. ఇక బండి దక్కదు.

"నేను చెప్పేది జెర ఇను..." అని అతను నోరు తెరిచేలోపే భూమేశ్ కారు దిగి వంట దగ్గరున్న వాళ్ళను కేకేశాడు.

"గీయన మన బండ్ల నంబర్లు రాసుకుంటుండు, అన్నా. పోలీసోళ్ళకిచ్చేటట్టున్నడు."

అంతే. నలుగురు పరుగెత్తుకొచ్చారు. చీటీ గుంజుకున్నారు. మెడపట్టి తోసుకుంటూ తీసుకుపోయారు. అంగీ చినిగింది. అతను తిట్టలేదు, తిరగబడలేదు. వెనక్కి తిరిగి తిరిగి కారునే చూశాడు.

పీడ పోయిందని భూమేశ్ ఊపిరి పీల్చుకున్నాడు.

దారి విడిచాక బయల్దేరితే, కథలాపూర్ దాటాక వాన దంచి కొట్టింది. స్టీరింగు కింద నుంచి పొగ లేచి కారు ఆగిపోయింది. చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ట్రాక్టరుకు కట్టి సిరిసిల్లకు లాక్కుపోతే, మెకానిక్ చూసి వైరింగు మొత్తం కాలిపోయిందన్నాడు. అద్దం కొత్తదేనట. దాన్ని పట్టి ఉంచే గమ్మే పాడయిందట. ముందే చూసుకుంటే పూటలో అయ్యే పనట.

తెల్లారి భూమేశ్ బైకు మీద జగిత్యాల పోయి పోశం గల్లా పట్టుకున్నాడు. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది గనక.

పోశం తల దించుకున్నాడు. గమ్ము తారీకు దాటిందని అద్దం బిగించిన ఎల్లన్న బండి ఇచ్చే రోజే చెప్పాడట. తానే వినలేదట.

"ఆ ఎల్లన్ననే పిలువు. ఆయనతోనే చేయించుకుంట."

"ఇంకేడి ఎల్లన్న? రాత్రే పని ఇడిసిపెట్టి బొంబాయి బండెక్కిండు. మస్కటు పోతడట."

"ఎందుకు పొయ్యిండు?"

"ఏమో, అడిగితే నోరిప్పలే. నిన్న పొద్దుగాల సొంత పైసలతోని కొత్త గమ్ము కొని, బస్సుల్లేకుంటే నడుచుకుంట, నీ అద్దం మల్ల సక్కగ బిగించి అస్తనని కోరుట్లకు నీ దగ్గరికే పొయ్యిండు గద."