నిండు గ్లాసు

టీలో ఉప్పేసుకునే మనిషిని సర్దార్‌బీ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

సూళ్లూరుపేట స్టేషను ముందు ఆమె టీ అంగడి. చైనాతో యుద్ధం ఆగి నెలలైనా, లడాఖ్‌లో మిలిటరీ లారీ తోలే కొడుకు బడేసాహెబ్ కబురు లేదు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేక ఆ తల్లి సగమైపోయింది.

ఆ రోజు రైలు దిగి ఒక ముసలాయన నేరుగా అంగడికొచ్చాడు. మండే ఎండలో ఉన్ని కోటు. చిన్న కళ్లు, పగిలిన బుగ్గలు.

“జూలే” అంటూ చేతులు జోడించి నవ్వాడు. అదేం మాటో ఎవరికీ తెలియలేదు.

“సర్దార్‌బీ?”

టీ వడగడుతున్న ఆమె తలెత్తింది. నా పేరు వీడికెట్టా తెలుసు?

“మొహం చూడక్కా! చీనావోడు!” అన్నాడు పక్క కిళ్లీ కొట్టు ముత్యాలయ్య.

ముసలాయన సైగలతో టీ అడిగాడు. ఉప్పు అడిగి చిటికెడు కలిపాడు. అంచుదాకా నిండిన గ్లాసును చుక్క ఒలక్కుండా ఆమె ముందు పెట్టాడు. తాను తాగలేదు.

“నోనో ఆయేగా” అన్నాడు. “జరూర్ ఆయేగా.”

ఆయేగా అంటే వస్తాడని. అది సర్దార్‌బీ ఇంట్లో మాట్లాడే మాటే. మరి నోనో ఎవరు?

“వాళ్ల దొర పేరై ఉంటాది! మన మీదికీ వస్తాడంట!” ముత్యాలయ్య కేకకు జనం మూగారు.

ఇన్నాళ్ల దుఃఖం సర్దార్‌బీ నోట మంటై లేచింది.

“నా బిడ్డను మింగింది చాల్లేదా? పో!”

గ్లాసు తీసి అతని కాళ్ల ముందు పారబోసింది.

ముసలాయన కోప్పడలేదు. ఒలికిన టీ వంక చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే బడేసాహెబ్ రైలు దిగాడు. మంచు కాలివేళ్లు తినేసింది. అయినా బతికే ఉన్నాడు! సర్దార్‌బీ వాణ్ణి వాటేసుకుని ఏడుస్తుంటే వీధంతా ఏడ్చింది.

“నోర్బు తాత చెప్పలేదామ్మా? ఆయన చెబుతాడనే నేను జాబు రాయలా.”

“ఎవరు నాయనా?”

“లడాఖ్‌లో లేహ్ ఊరాయన. శాలువలు అమ్మేదానికి మద్రాసు పోతా, నిన్ను చూసి పోతానన్నాడు. హిందీ రెండు ముక్కలే వచ్చు.”

ఆమె కళ్ల ముందు ఆ ఉన్ని కోటు మెదిలింది.

“నోనో వస్తాడన్నాడు...”

“నోనో నేనేనమ్మా! వాళ్ల మాటలో చిన్నోడా అని.”

“ఉప్పు టీ పెట్టి, తాక్కుండా వదిలేసినాడు.”

“అది నాకు. ఒకప్పుడు లేహ్ బజారు నుంచి కనుమలు దాటి చీనా పక్క యార్కండుకు వర్తకుల బిడారులు పోయేవంట. ఎందరో మంచులోనే ఉండిపోయేవాళ్లు. అందుకని, ఇల్లు విడిచినోళ్లు తిరిగి రావాలని గిన్నె నిండా టీ పోసి పెడతారు. ఇప్పుడు సరిహద్దు మూసేసినారు. బిడారుల్లేవు గానీ గిన్నెలు పెడతానే ఉండారు.”

“నేను పారబోసినాను నాయనా.”

బడేసాహెబ్ అంగడి మీది ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

“కాళ్లు మానేదాకా నేనున్న ఆయన ఇంట్లోనూ ఒక గిన్నె చూసినా. కొడుక్కి. మిలిటరీకి మూటలు మోసేవాడు ఆ పిల్లోడు. మంచు తుపానులో తప్పిపోతే, వాణ్ణి వెతికేదానికి ఒంటరిగా కొండెక్కినాడు తాత.”

“దొరికినాడా?”

“నేను దొరికినానమ్మా.”