ఖాళీ సీసాలు

“నా కళ్లలోకి చూసి చెప్పు. మందులు ఎక్కడ పారేస్తున్నావ్?”

కౌన్సెలర్ గొంతు అంత గట్టిగా లేవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. బయట బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్లు కబుర్లు ఆపేశారు. లోపల కుర్చీ అంచున కూర్చుని కాలేజీ బ్యాగు పట్టీని మెలిపెడుతోంది చిట్టి.

“పారేయట్లేదక్కా. రోజూ వేసుకుంటున్నాను.”

“మరి ఇదేంటి?” కౌన్సెలర్ రక్తపరీక్ష కాగితాన్ని చిట్టి ముందుకు తోసింది. “రోజూ మందు పడితే నీ ఒంట్లో హెచ్‌ఐవి అణిగిమణిగి ఉండాలి. ఇక్కడ చూస్తే మందు మొహమే ఎరగనట్టు పెరిగిపోయింది. ల్యాబ్ వాళ్ల పొరపాటేమోనని మళ్లీ చేయించా. మళ్లీ అదే!”

హెచ్‌ఐవి ఉన్న పిల్లలు చికిత్సలో ఎంత నిలకడగా ఉన్నారో కొలవడం కౌన్సెలర్ ఉద్యోగం. చెప్పిన రోజుకి వస్తున్నారా, సీసా ఖాళీ అవుతోందా అని చూస్తే చిట్టిని మించినవాళ్లు లేరు. మందు మానేసి మొహం చాటేసే ప్రతివాడికీ ఆమె చిట్టినే చూపించేది. దాన్ని చూసి నేర్చుకోండర్రా అనేది. ఇప్పుడా మాటలు గుర్తొస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

“మిగతావాళ్లు మానేస్తే మానేశామని చెప్తారు. తిడతాను, బతిమాలతాను, మళ్లీ మొదలుపెడతారు. నువ్వు మాత్రం నెల నెలా ఖాళీ సీసా తెచ్చి నా ముందు పెట్టి నన్ను వెర్రిదాన్ని చేశావ్.”

చిట్టి కళ్లు నిండాయి. “అసలు ఖాళీ అయ్యేదాకా సీసా నా చేతికే రాదక్కా. మావయ్యే లోపల్నుంచి మాత్ర తెచ్చి ఇస్తాడు. కావాలంటే అడుగు.”

మావయ్య తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. తల్లి పోయాక చిట్టిని తన ఇంటికి తెచ్చుకున్న మనిషి. ప్రతి నెలా పని మానుకుని మరీ వెంట వస్తాడు. కౌన్సెలర్‌కి ఆయనంటే గౌరవం.

“మీరు చెప్పండి. మీ ఎదురుగానే మింగుతోందా?”

ఆయన చిట్టి వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

“ఇవ్వడమైతే నా చేత్తోనే ఇస్తానండీ. నోట్లో వేసుకుంటుంది. తర్వాత పెరట్లోకెళ్లి ఉమ్మేస్తోందేమో, నాకేం తెలుసు?”

“మావయ్యా!” చిట్టి చివాల్న లేచింది. “మింగాక నోరు తెరిచి చూపిస్తాను కదా! నువ్వే కదా, మా బంగారం అని తల నిమురుతావు!”

“వయసు అలాంటిదిలే. ఒప్పేసుకో చిట్టీ. మేడమ్ ఏమీ అనరు.”

కౌన్సెలర్ అరుపులకు బెదరని పిల్ల ఆ మెత్తటి మాటకు కూలబడిపోయింది. ఇంతమందిలో తన పక్కన నిలబడతాడనుకున్నది ఒక్కడు. ఆ ఒక్కడూ తప్పుకున్నాడు. ఏడుపు కూడా రాలేదు.

“నేను వేసుకున్నాను,” అని మాత్రం గొణిగింది.

కౌన్సెలర్ మనసు చివుక్కుమంది. ఇక తన వల్ల కాదని వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ కాగితం చూసి, చిట్టి భుజం మీద చెయ్యి వేసింది. “తిట్లు ఇక చాలు. మందు పనిచేయడం మానేసిందా, అసలు కడుపులోకే పోవట్లేదా అన్నది ముందు తేలాలి. అందాకా సీసా ఇంటికి ఇవ్వం. రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి మా ఎదురుగా మింగి కాలేజీకి వెళ్లు. సరేనా?”

“వస్తాను డాక్టరమ్మా. రోజూ వస్తాను.”

మావయ్య మొహం పాలిపోయింది. “రోజూనా? దాని చదువు పాడైపోతుందండీ. సీసా నాకివ్వండి, ఈసారి దగ్గరుండి మింగిస్తాను.”

“ఇక ఆ భారం మీకొద్దండీ.”

“పోనీ, సగమైనా ఇవ్వండి.”

“సగమెందుకు?”

ఆయన టేబుల్ మీదున్న కొత్త సీసాను గబుక్కున అందుకున్నాడు. కౌన్సెలర్ దాన్ని అవతలి వైపు నుంచి పట్టుకుంది.

“వదలండి. ఒక్క మాత్ర కూడా గడప దాటదు.”

ఆయన వదల్లేదు.

“అలాగంటే ఎలా మేడమ్? రేపట్నుంచి నేనేం వేసుకోవాలి?”