తలుపు అవతలి క్లేర్

2020 నవంబరు పద్నాలుగు. మధ్యాహ్నం మిరియాల చారూ అన్నమూ. పడకగది గుమ్మం దగ్గర పెట్టిన కంచం సగం నిండుగానే బయటికొచ్చింది.

"చారులో ఉప్పు మర్చిపోయారు," అంది లోపల్నుంచి కనకలత.

నరసింహం మొహం విప్పారింది. ఉప్పు లేదని తెలిసిందంటే ఆమె నాలుకకు రుచి తిరిగొచ్చినట్టే.

కోవిడ్ వచ్చి ఆమె ఆ గదిలో చేరి తొమ్మిది రోజులైంది. "రోజూ మాట్లాడించండి. మాట మధ్యలో ఆయాసం వస్తే వెంటనే ఫోన్ చేయండి," అంది జర్మనీలో వాళ్లుండే ఆకెన్ ఊరి డాక్టరమ్మ. నలభై ఏళ్ల కాపురంలో మిగిలిన కబుర్లన్నీ మూడో రోజుకే అయిపోయాయి. అప్పుడు ఆయనకు ఐర్లండ్ గుర్తొచ్చింది. మేలో ఇద్దరూ వెళ్లాల్సిన క్లేర్ కౌంటీ ప్రయాణం లాక్‌డౌన్‌లో రద్దయింది. అక్కడి వింతల పుస్తకమూ ఇంట్లో కనబడలేదు. పాత కాగితాలు పడేసే నీలం డబ్బాలో మీరే పడేశారని ఆమె, నువ్వేనని ఈయన. ఫోన్‌లో వెతుక్కోవచ్చు. కానీ రిటైరైన ఇంజనీరుకు తెలియనిదేముంటుంది? ఆ రోజు నుంచి సాయంత్రాలు తలుపు ఇవతలి నుంచే ఆమెకు క్లేర్ అంతా మాటల్లో తిప్పి చూపిస్తున్నాడు.

ఇవాళా ఆరింటికి తలుపు ముందు కుర్చీ వేసుకున్నాడు.

"క్లేర్?"

"క్లార్!"

జర్మన్‌లో 'అలాగే' అని. ఈ యాత్రకు అదే టికెట్టు. ఆ మాట ఖంగుమని ఒక్క ఊపిరిలో వస్తేనే ఆయనకు ఆ రాత్రి నిద్ర.

"ఇవిగో మొహర్ కొండచరియలు. కింద అట్లాంటిక్. జాగ్రత్తగా గుర్రమెక్కు."

"అక్కడ గుర్రాలెక్కడివండీ?"

"అద్దెకిస్తారు. నీది తెల్లది."

"మరి మీది?"

"నేను నడుస్తా. కళ్లెం ఎవరు పట్టుకుంటారు?"

ఆమె నవ్వింది, దగ్గింది. నరసింహం లెక్కపెట్టాడు. రెండే దగ్గులు.

"మొన్న చూపించిన రాతి సమాధి పక్కన ఇడ్లీ కొట్టుందన్నారుగా. అటే పోనివ్వండి, ఆకలేస్తోంది."

"మూసేశారు."

"ఎందుకూ?"

"లాక్‌డౌన్ కదే!"

మర్నాడు ఆరింటికి మళ్లీ కుర్చీ వేశాడు.

"క్లేర్?"

తలుపుకు చెవి ఆనించాడు.

"కనకం, క్లేర్?"

తలుపు మీద వేలితో కొట్టాడు. గట్టిగా కొట్టాడు. హడావిడిలో మాస్కు తాడు చెవికి తగులుకోవడం లేదు. ఎలాగో తగిలించుకుని, పది రోజుల నియమం పక్కనపెట్టి లోపలికి అడుగేశాడు.

కనకలత గోడవైపు తిరిగి పడుకుంది. భుజం మీది దుప్పటి నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. వేలికున్న ఆక్సీమీటర్ తొంభై ఆరు చూపిస్తోంది. చిన్న గురక కూడా ఉంది. నలభై ఏళ్లుగా ఆయన ఫిర్యాదు చేస్తున్న గురక. ఇవాళ నిలబడి కాసేపు విన్నాడు.

జారిపోయిన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టబోయాడు. ఆమె చేతి కింద ఏదో పుస్తకం. మెల్లగా లాగాడు.

నీలం డబ్బాలో పోయిందనుకున్న క్లేర్ పుస్తకం!

పేజీ పేజీకీ అంచున ఎర్ర పెన్సిల్‌తో ఆమె గుండ్రటి అక్షరాలు. సమాధి బొమ్మ పక్కన, 'ఐదు వేల ఏళ్ల నాటిదట. ఇడ్లీ కొట్టు మావారు కట్టించినది.' కొండచరియల కింద, 'గుర్రాల్లేవు. అయినా ఎక్కాను.'

ఆమె గుర్తుగా మడిచి ఉంచిన పేజీలో బన్‌రాటీ కోట. దాని కింద కూడా ఏదో రాసి ఉంది. చదివి, పుస్తకాన్ని మళ్లీ ఆమె చేతి కిందే సర్ది, నరసింహం చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

'ఇది ఇంకా చూడలేదు. తప్పులు దిద్దకూడదు, దిద్దితే గైడు అలిగి వెళ్లిపోతాడు.'